పద్మాపూర్‌లో పొద్దుండగానే పండుగ

బల్లార్‌పూర్ నుంచి చంద్రపూర్‌కు షేర్ ఆటో. అక్కడ దిగి దుర్గాపూర్ వైపు పోయే ఇంకో ఆటో పట్టుకోవాలి. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు మొదట ఎదురుగా కనబడతాయి, తర్వాత పక్కకొస్తాయి, ఆ తర్వాత వెనకబడతాయి. అప్పుడు మట్టిగుట్టలు మొదలవుతాయి. కొత్తవాళ్ళు వాటిని కొండలనుకుంటారు. కొండలు కావవి. కింది బొగ్గు తియ్యడానికి పైనున్న నేలను తవ్వి పోసిన మట్టి. గనిలో పనిచేసేవాళ్ళు దాన్ని ఓబీ అంటారు. పాత గుట్టల మీద తుమ్మలు, గడ్డి మొలిచాయి. కొత్తవి ఇంకా బోడిగా, బూడిద రంగులో ఉన్నాయి. రోడ్డు పక్క మోదుగాకుల మీద దుమ్ము ఎంత దట్టంగా ఉంటుందంటే పిల్లలు వేలితో పేర్లు రాస్తారు. ఆ గుట్టల పక్కనే పద్మాపూర్.

తాడోబా అడవికి మొహర్లీ గేటు నుంచి వెళ్ళేవాళ్ళ జీపులు ఈ దారినే పోతాయి. పులిని చూడాలనే తొందరలో ఉంటారు కాబట్టి పద్మాపూర్ వాళ్ళ కంట పడదు. డిసెంబరు సెలవుల్లో ఈ జీపులు మరీ ఎక్కువ. నాగ్‌పూర్, హైదరాబాద్, పుణె బండ్లు బారులు తీరి పోతుంటాయి. వాటి మధ్యలో బొగ్గు టిప్పర్లు. వాటి పక్కన మా ఆటో, అందులో పదిమందిమి, ఒళ్ళో గంపలు. ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు ఆదివారం అక్కడి చిన్న మందిరంలో కృతజ్ఞత కూడిక జరుగుతుంది. బల్లార్‌పూర్ మిల్లు కాలనీ నుంచి, చంద్రపూర్ బాబూపేట నుంచి, దుర్గాపూర్ నుంచి తెలుగు కుటుంబాలన్నీ అక్కడికే చేరతాయి. ఊళ్ళో పెద్ద మందిరాలుండగా ఈ రేకుల షెడ్డుకే ఎందుకని అడిగేవాళ్ళున్నారు. మన ముసలివాళ్ళు మొదట ప్రార్థనకు కూడింది ఇక్కడే. అంతకంటే వేరే కారణం లేదు, అక్కర్లేదు కూడా.

మనవాళ్ళు ఇటు ఎప్పుడొచ్చారంటే ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క. 1929 ప్రాంతంలో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు దారి పూర్తయ్యాక రాకపోకలు సులువయ్యాయి. 1945లో బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు పెట్టారు. అడవుల్లోంచి మిల్లుకు వెదురు వచ్చినట్టే కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి మనుషులూ వచ్చారు. కొందరు మిల్లులో చేరారు, కొందరు బొగ్గు గనుల్లో దిగారు. 1973లో గనులు ప్రభుత్వపరమయ్యాయి, 1975లో డబ్ల్యూసీఎల్ ఏర్పడింది. పర్మినెంటు అయినవాళ్ళకు క్వార్టర్లు వచ్చాయి. కానివాళ్ళు కాంట్రాక్టర్ల కింద ఉండిపోయారు. బల్లార్‌పూర్‌ను అందరూ మినీ ఇండియా అంటారు. మా వీధిలోనే ఒక ఇంట్లో మరాఠీ, ఒక ఇంట్లో హిందీ, ఒక ఇంట్లో గోండీ వినబడతాయి. మా పిల్లలు తెలుగులో అలుగుతారు, మరాఠీలో పోట్లాడతారు.

క్రిస్మస్‌ను ఇక్కడి మరాఠీ విశ్వాసులు నాతాళ్ అంటారు. వాళ్ళు కరంజీలు చేస్తారు, మనం గరిజెలు చేస్తాం. రెండూ ఒకటే. మైదాలో కొబ్బరి, చక్కెర పెట్టి మడిచి నూనెలో వెయ్యడమే. పోయినేడు పద్మాపూర్‌లో ఇద్దరు ఆడవాళ్ళు ఎవరి పేరు అసలుదని వాదించుకుంటుంటే, వాళ్ళ మాట తేలేలోపు పిల్లలు పళ్ళెం ఖాళీ చేశారు.

ఇక క్యారల్స్ సంగతి. మన ఊళ్ళలో అయితే క్యారల్ రౌండ్స్ రాత్రి పది దాటాక మొదలై తెల్లారుజాము దాకా సాగుతాయి. నిద్రలో ఉన్న ఇంటిముందు డప్పు కొట్టి లేపితేనే వాళ్ళకు ముచ్చట. పద్మాపూర్‌లో అది కుదరదు. ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి పొద్దు వాలకముందే ముగిస్తారు. గుట్టల మీద పెరిగిన పొదల్లోకి అడవి పందులొస్తాయి, వాటి వెనక పులులు, చిరుతలు వస్తాయి. 2022 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రం ఆవరణలోనే డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కార్మికుడిని పులి చంపింది. ఆ వెంటనే దుర్గాపూర్‌లో ఒక కుర్రవాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. అప్పటినుంచి ఎవరూ ధైర్యం చెయ్యరు. ఎర్రటి ఎండలో శాంతాక్లాజ్ వేషం వేసుకున్న పిల్లవాడు పత్తి గడ్డం కింద చెమటలు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరగడం మీరు చూడాలంటే పద్మాపూర్ రావాలి. చుక్క కనబడకముందే చుక్క పాటలు అయిపోతాయి.

కూడికకు వచ్చేవాళ్ళు తలా ఒక గంప తెస్తారు. పొలం ఉన్నవాళ్ళు కొత్త వడ్లు, జొన్నలు, పచ్చి కందికాయలు. లేనివాళ్ళు పెరటి కాయలు, కోడిపెట్ట, గుడ్లు. అదీ లేనివాళ్ళు కొట్టులో కొన్న బెల్లం ముద్ద. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు వైద్యం ఖర్చులకు, పిల్లల ఫీజులకు, చావులకు. ఇది మనం కనిపెట్టింది కాదు. తెలుగు సంఘాలన్నింటా ఉన్న కోత పండుగే. పంట చేతికొచ్చే కాలానికి క్రిస్మస్ కలిసొచ్చింది, అంతే. మిల్లులో, గనిలో పనిచేసేవాడికి కోత ఎక్కడిదని మా ఆయన ఒకసారి అన్నాడు. జీతం కవరులోంచి మొదటి నోటు తీసి పెడితే అదే కోత అని మా అత్తగారు జవాబిచ్చింది.

గంపలు ఇలా ఉండగా, సాక్ష్యాల గురించి ఒక మాట చెప్పాలి. ఏళ్ళు గడిచేకొద్దీ మన కూడికల్లో సాక్ష్యాలకు ఒక మూస పడిపోయింది. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, స్తోత్రం. అమ్మాయికి సీటొచ్చింది, స్తోత్రం. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, బండి కొన్నాం, ప్లాటు తీసుకున్నాం, స్తోత్రం. ఇవన్నీ మేలులే, కాదనను. కానీ ఆ ఏడు ఏదీ కలిసిరాని వాళ్ళు వెనక చాప మీద తల వంచుకుని కూర్చుంటారు. దేవుడు తమను మరిచిపోయాడేమో అన్నట్టు, లేకపోతే తామే ఏదో తప్పు చేశామన్నట్టు. కృతజ్ఞత చెప్పడం కలిసొచ్చినవాళ్ళ పనయిపోతే అది కూడిక కాదు, లాభనష్టాల పద్దు.

పోయినేడు మా చిన్నత్త వెనక చాప మీదే కూర్చుంది. భాద్రపదంలో మామ పోయాడు. ఇరవై రెండేళ్ళు ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు సైడింగులో వ్యాగన్లకు బొగ్గెత్తాడు. చివరి రెండేళ్ళు దగ్గు, ఆయాసం. పోయాక అత్త ఆఫీసుల చుట్టూ తిరిగితే, అన్నేళ్ళు పనిచేశాడనడానికి కాగితమేదీ లేదన్నారు. పెద్దవాడు డంపర్ క్లీనర్‌గా పోతున్నాడు, చిన్నది తొమ్మిదో తరగతి.

కూడికకు ముందురోజు సంఘ పెద్ద ఒకాయన అత్త ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. మామ ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘం డబ్బు పోగుచేసి ఇచ్చింది ఆయనే. “చెల్లెమ్మా, పండుగ పూట దుఃఖం మాటలొద్దు. కొత్తవాళ్ళు కూడ వస్తరు. దేవుడు జేసిన మేలు రెండు ముక్కలు జెప్పి కూసో. సంఘం ఆదుకున్నది జెప్పినా సాలు” అన్నాడు. అత్త “మంచిదన్నా” అని చాయ్ ఇచ్చి పంపింది. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. పప్పు నానబోసింది, గారెలకు.

మరునాడు అయ్యగారు చదివిన భాగం ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం. మన ఇళ్ళలో ఎంతమంది దాన్ని నిదానంగా చదివారో గానీ, నాకు ఆరోజే సరిగ్గా వినబడింది. రైతు తొలి పంటను గంపలో పెట్టుకుని యాజకుడి దగ్గరికి పోవాలి. గంప దించాక చెప్పవలసిన మాటలు అక్కడే రాసి ఉన్నాయి. ఆ మాటలు పంట గురించి మొదలవవు. మా తండ్రి తిరుగులాడే అరామీయుడు, కొద్దిమందితో ఐగుప్తుకు పోయి పరాయివాడిగా బతికాడు అని మొదలుపెట్టాలి. అక్కడివాళ్ళు మమ్మల్ని బాధపెట్టారు, కఠినమైన చాకిరీ చేయించారు, మేము మొరపెట్టాం, దేవుడు విన్నాడు, బయటికి తెచ్చాడు అని వరసగా చెప్పాలి. ఇదంతా అయ్యాకే, ఇదిగో నేను తెచ్చిన పంట అని చూపించాలి. ఆ తర్వాత ఆ సంతోషాన్ని లేవీయుడితో, మధ్యలో ఉన్న పరదేశితో కలిసి పంచుకోవాలి. మూడో ఏటి పదో వంతు తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్ళకు కూడా చేరాలి.

అయ్యగారు ఎక్కువ చెప్పలేదు. “చాకిరీ సంగతి వదిలేసి పంట సంగతి ఒక్కటే చెప్పే వీలు దేవుడు ఇయ్యలేదు” అని ఒక్క మాట అని కూర్చున్నారు. బల్లార్‌పూర్ మిల్లు, పద్మాపూర్ గని ఎరిగిన మనకు ఇంతకంటే దగ్గరి వాక్యం ఇంకొకటి ఉంటుందా? మన తాతలు కొద్దిమందితో పరాయి నేలకు వచ్చినవాళ్ళే కదా.

సాక్ష్యాలు మొదలయ్యాయి. ఉద్యోగం, సీటు, బండి. ఐదో ఆరో అయ్యాక చిన్నత్త లేచింది. పెద్దాయన ఆమె వైపు చూసి తల ఊపాడు, రెండు ముక్కలు అన్నట్టు. ఆమె చెప్పింది నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

“అందరికి వందనాలు. మా మామ పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చిండు. కరువుల వచ్చిండు. చేతుల ఒక గొంగడి, ఒక సద్దిమూట. మా ఆయన పదిహేడేండ్లప్పుడు బొగ్గుల దిగిండు. ఇరవై రెండేండ్లు వ్యాగన్లు నింపిండు. ఆయన నింపిన బొగ్గుతోని ఎన్ని ఊర్లల్ల లైట్లు ఎలిగినయో నాకెరుక లేదు. ఆయన పేరు మాత్రం ఏ కాగితం మీద లేదు. ఊపిరి అందక పోయిండు. ఇది దేవుడు జేసిండని నేననను. ఆయన పోయిన రాత్రి మా పక్కింటి గోండు వదిన వచ్చి నా బిడ్డను ఒళ్ళె పండబెట్టుకున్నది. మూడు దినాలు మా ఇంట్ల పొయ్యి ఎలగకుంటె ఆమెనే అన్నం దెచ్చింది. మీరంత మోసుకపోయిండ్రు. అది దేవుడు జేసిండంట. దానికి స్తోత్రం. కాగితం సంగతి నేనింక అడుగుతనే ఉన్న. దేవుణ్ణి అడుగుత, ఆఫీసుల అడుగుత. గంతే.”

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎప్పుడనాలో తెలియలేదనుకుంటాను. బయట గనిలో డంపర్ వెనక్కి వస్తున్న హారన్ ఒక్కటే. మరాఠీవాళ్ళకోసం అనువాదం చెప్పే డిగ్రీ పిల్ల గొంతు పట్టుకుపోయి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పక్కింటి వదిన గుమ్మం దగ్గరే ఉంది. ఆమె మన సంఘం మనిషి కాదు, వేలంలో కోడిపెట్ట కొనడానికి వచ్చింది. మరాఠీలో తన మాట వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత మిల్లు కాలనీ నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. ఆర్నెల్లుగా పని లేదని, ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదని, రోజూ డబ్బా పట్టుకుని బయటికొచ్చి స్టేషన్‌లో కూర్చుని వస్తున్నానని చెప్పాడు. భార్య అరువు మిషన్ మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. దేవునికి స్తోత్రం చెప్పి, అందరి ముందూ ఆమె పేరు పెట్టి వందనం చెప్పాడు. పెళ్ళాం పేరు ఎత్తి వందనం చెప్పడం మన కూడికల్లో నేను అదే మొదటిసారి వినడం. వెనక చాప మీదినుంచి ఆ తర్వాత ఇంకో నలుగురు లేచారు. కూడిక గంటన్నర ఆలస్యమైంది.

భోజనాల దగ్గర దీనిమీద వాదన నడిచింది. పండుగ పూట ఇలాంటివి చెప్పడం అవిశ్వాసం కాదా అని ఒకరు. పౌలు అన్ని పరిస్థితుల్లో కృతజ్ఞత చెల్లించమన్నాడు కదా అని ఇంకొకరు. చెల్లించింది కదా, నీకు వినబడలేదా అని మా అత్తగారు. పౌలు ఆ మాట రాసింది సుఖంగా ఉన్నవాళ్ళకు కాదు. థెస్సలొనీకలో సొంత ఊరివాళ్ళ చేతనే శ్రమలుపడుతున్న సంఘానికి. శ్రమ ఉన్నదని ఆ పత్రికలోనే రాశాడు, దాచిపెట్టమని ఎక్కడా అనలేదు.

మా మధ్య ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన బాప్టిస్టు తాత ఒకాయన ఉన్నాడు. ఆయన ఒంగోలు కథ తీశాడు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. గడ్డపారలు పట్టుకునే వాక్యం విన్నారు, బాప్తీస్మం ఇమ్మని అడిగారు. దొర ఇయ్యలేదు. అన్నం పెట్టే చెయ్యి చూసి వస్తున్నారేమో, కరువు తీరాక చూద్దామని నెలల తరబడి ఆపాడు. సహాయం పంచడం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. తాత ఈ అంకెను తన ఫోను నంబరు చెప్పినట్టు చెబుతాడు.

మెదక్ గుడి కూడా అలాంటిదే కదా అన్నాను నేను. కరువు రోజుల్లో పోస్నెట్ దొర జనానికి పని కల్పించి, చేసిన పనికి తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చంద్రపూర్ నుంచి కూడా క్రిస్మస్‌కు రైలెక్కి పోతుంటారు. ఆ రాళ్ళు మోసినవాళ్ళు భిక్ష తినలేదు, కూలి తిన్నారు. తాత వెంటనే అందుకున్నాడు. “అదే నేననేది. చాకిరీ చేసినోడు కూలి అడిగితే కృతజ్ఞత లేదంటారేంటమ్మా? యజమానికి చెప్పేది వేరు, దేవుడికి చెప్పేది వేరు. రెండూ కలిపేస్తే యజమానే దేవుడైపోతాడు.” సంఘం ఇచ్చిన డబ్బు గురించి చిన్నత్త ప్రత్యేకంగా ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు అర్థమైంది. అప్పు తీరుస్తున్నట్టు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. మోసుకుపోయిన భుజాల గురించి చెప్పింది, అందులో ఆ పెద్దాయన భుజం కూడా ఉంది.

కాగితం సంగతి ఇంకా తేలలేదు. మిల్లు కాలనీలో యూనియన్ పని తెలిసిన ఒకరు ఆరోజే ఆమె దగ్గర వివరాలు రాసుకున్నారు. మామతో పాటు సైడింగులో పనిచేసిన ఇద్దరు సాక్షి సంతకాలు పెడతామన్నారు. అంతకుముందు నాలుగు నెలలుగా వాళ్ళకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఇద్దరూ వెనక చాప మీదే కూర్చునేవాళ్ళు.

వేలం హడావుడిగా నడిచింది, ఎందుకంటే నాలుగు దాటింది. పిల్లలు క్యారల్స్‌కు పోయి తిరిగొస్తున్నారు. వడ్లు, కందికాయలు తొందరగా పోయాయి. కోడిపెట్టను గోండు వదిన పాట పాడి గెలిచింది, డబ్బు తీసుకోమంటే ఇవతలివాళ్ళు, తీసుకోవాల్సిందేనని ఆమె కాసేపు గొడవ. చివరికి చిన్నత్త గంప మిగిలింది. అందులో ఒకటే పెద్ద గుమ్మడికాయ. తొలకరికి మామ పాదు పెట్టి రేకుల మీదికి పాకించిన తీగెది. పాట యాభైకి మొదలైంది. నూరు, నూటయాభై, రెండొందలు. సంఘ పెద్ద వెనకనుంచి “ఐదొందలు” అన్నాడు. ఇంకెవరూ నోరెత్తలేదు.

ఆయన దాన్ని స్కూటర్ ముందు పెట్టుకుంటే హ్యాండిల్ తిరగలేదు. వెనక పెడితే జారిపోతోంది. చివరికి ఒక పిల్ల చున్నీ ఇస్తే దాంతో సీటుకు కట్టాడు. చిన్నత్త దగ్గరికొచ్చి ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

“ముదురు కాయ అన్నా, వదినకు జెప్పి పులుసు పెట్టిచ్చుకో. గింజలు పారెయ్యకు. ఎండబెట్టి నాకు పంపు.”

“పంపుత చెల్లె” అని ఆయన స్కూటర్ స్టార్టు చేశాడు. మా ఆటోవాడు పొద్దు వైపు చూసి హారన్ మీద చెయ్యి తీయడం లేదు. మేము ఖాళీ గంపలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని ఎక్కాం.